బస్సు వీపు మీద రెండు చరుపులు

సంస్థకు యాభై ఏళ్లు నిండినప్పుడు ఒక చరిత్ర పుస్తకం అచ్చు వేశారు. మొదట ఒక కలప వ్యాపారి లారీల మీద బల్లలు బిగించి జనాన్ని తిప్పడం, ఆయన చేతులెత్తేశాక పురపాలక సంఘం ఆ బండ్లను కొనడం, ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల సర్వీసులన్నిటినీ కలిపి ప్రాంతీయ రవాణా సంస్థగా చెయ్యడం, అన్నీ వరసగా ఉన్నాయి. నేను చెప్పబోయే వేసవికి అందులో ఒక వాక్యం దక్కింది. "ఈ ఏడాది సంస్థలో ఒకే ఉద్యోగి విధానం ప్రవేశపెట్టబడింది."

ఒకే ఉద్యోగి అంటే, డ్రైవరే టికెట్టు కూడా ఇస్తాడని. రెండో ఉద్యోగి ఏమయ్యాడో పుస్తకంలో లేదు.

ఆ ఇద్దరూ మా ఇంట్లో ఉండేవాళ్లు. డ్రైవరు మా నాన్న. కండక్టరు మా మావయ్య, అమ్మకు తమ్ముడు. ఒకే బస్సు, ఒకే రూటు, ఒకే షిఫ్టు. డిపోలో వాళ్లను స్తంభం, రేడియో అనేవాళ్లు. ఎవరు స్తంభమో, ఎవరు రేడియోనో ఇంటికొచ్చిన వాళ్లకు చెప్పనక్కర్లేకపోయేది. మావయ్య తలుపు తోసుకుని, చెప్పులు విడవక ముందే మాట మొదలుపెట్టేవాడు. నాన్న వెనకాలే వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, ఆ మాటలు వినేవాడు. తను కూడా ఆ బస్సులోనే ఉన్నా, అందులో ఏం జరిగిందో ఆయనకు ఇంటికొచ్చాకే తెలిసేది.

మావయ్యకు ఉద్యోగం వచ్చినప్పుడు మా ముందు గదిలో పెట్టె దించాడు. మళ్లీ ఎత్తలేదు. అమ్మ పెళ్లి మాట ఎత్తితే, "పొద్దున్నుంచీ సర్దుకోండి, సర్దుకోండి అని అరిచేది నేనే. ఇంటికొస్తే నన్ను సర్దుకోమనే మనిషి ఎందుకక్కా?" అనేవాడు. కొన్నాళ్లకు అమ్మే ఆ మాట మానేసింది.

నేను అప్పటికి బస్టాండులో మైకు గదిలో కొత్తగా చేరాను. ప్లాట్‌ఫారాల మీద, మెట్లెక్కితే, మూడు వైపులా అద్దాలున్న గది. ఏ బస్సు ఎక్కడ నిలబడిందో, ఎప్పుడు బయల్దేరుతుందో చెప్పడం నా పని. నాకు పని నేర్పినావిడ పదవీ విరమణ చేస్తూ ఒకే జాగ్రత్త చెప్పింది. "మైకు పనిచేస్తుందా లేదా అని వేలితో కొట్టకు. అది తలుపు కాదు. బస్టాండు మొత్తం ఉలిక్కిపడుతుంది."

పాత బస్సులో కండక్టరు తల మీదుగా ఒక తాడు ఉండేది. లాగితే డ్రైవరు చెవి దగ్గర గంట మోగుతుంది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే పోనివ్వాలి. మావయ్య బస్సు దిగి ఉంటే తాడుకు బదులు అరచెయ్యి. వెనక రేకు మీద రెండు చరుపులు చరిచి, కదిలే బస్సెక్కేవాడు. డ్రైవరు సీటు వెనక అడ్డుగోడ ఉండేది కాబట్టి నాన్నకు లోపల ఎవరూ కనిపించరు. గంట మోగందే చక్రం కదలకూడదన్నది మొదటి రోజు నేర్పే పాఠం. ఆ పాఠం తప్పిన డ్రైవర్లు ఉన్నారు. నాన్న వాళ్లలో లేడు.

*

నోటీసు ఎండలు ముదిరే రోజుల్లో వచ్చింది. కొత్త బస్సులు దిగుతున్నాయి, వాటికి కండక్టర్లు ఉండరు. మర్నాడు యూనియన్ సమ్మెకు పిలిచింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, అందరూ డిపో గేటు ముందు టెంటు కింద కూర్చున్నారు. చేతి మైకు మావయ్యకిచ్చారు.

"రేడియోకి మైకెందుకయ్యా, ఊరికే అరిచినా వినపడుతుంది" అన్నారెవరో. టెంటంతా నవ్వింది. నాన్న కూడా పెదవులు కదిపాడు.

సమ్మె మైకు గది దాకా రాలేదు. నేను ఖాళీ ప్లాట్‌ఫారాల మీది గదిలో కూర్చుని చెప్పడానికి ఏమీ లేక కాలం గడిపాను. మొదటి రోజుల్లో ఊరివాళ్లు టెంటుకు టీ పంపారు. తర్వాత టీ ఆగిపోయింది. ఆ తర్వాత ఆసుపత్రికి నడిచివెళ్లాల్సి వచ్చినవాళ్లు, పరీక్షకు ఆలస్యమైనవాళ్లు టెంటు ముందు నిలబడి తిట్టారు. మావయ్య వాళ్లకు చేతి మైకులోంచి కాకుండా, దగ్గరికి వెళ్లి జవాబు చెప్పేవాడు. చాలామంది ఆయనకు ముఖపరిచయమే. ఎవరు ఎక్కడ ఎక్కుతారో ఆయనకు తెలుసు.

సంస్థ తొందరపడలేదు. వేసవి సగమయ్యాక రెండో నోటీసు అంటించారు. సోమవారంలోగా పనిలో చేరే డ్రైవర్లకు కొత్త బస్సుల మీద శిక్షణ. చేరనివాళ్లు తమంతట తాము మానుకున్నట్టు లెక్క. కండక్టర్లకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపేస్తారు. టెంటులో డ్రైవర్లు ఒకవైపు, కండక్టర్లు ఒకవైపు జరిగి కూర్చున్నారని ఆ సాయంత్రం మావయ్యే చెప్పాడు. "మధ్యలో బస్సు పట్టేంత చోటు ఉంది బావా" అన్నాడు.

నాన్న ఆదివారమంతా పెరట్లో సైకిలు విప్పి మళ్లీ బిగించాడు. సైకిలుకు ఏ జబ్బూ లేదు.

సోమవారం పొద్దున నేను లేచేసరికి ముందు గదిలో మావయ్య ఇస్త్రీ చేస్తున్నాడు. నాన్న యూనిఫాం చొక్కా. మడత పెట్టకుండా మేకుకు తగిలించి, కాలరు సర్దాడు. నాన్న వచ్చి చూశాడు.

"ఏంట్రా ఇది?"

"చొక్కా బావా. చేతులు ఇందులోంచి పెట్టాలి."

"నేను వెళ్లను."

"వెళ్లకపోతే? ఇద్దరం ఇంట్లో కూర్చుని అక్క మొహం చూద్దామా? అక్కకంత ఓపిక లేదు."

"నీ పని నన్ను చెయ్యమంటావా?"

మావయ్య ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, ప్లగ్గు లాగాడు. "నువ్వు చెయ్యకపోతే ఇంకెవడో చేస్తాడు. వాడు ఆ గుడ్డి మాస్టారిని 'తొందరగా దిగవయ్యా' అంటాడు. పిల్లల్ని గదమాయిస్తాడు. తెలిసినవాడి చేతిలో పెడితే నాకు కాస్త నిద్రపడుతుంది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నాన్న చొక్కా వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి మేకు మీంచి తీసుకున్నాడు. ఆయన గుండీలు పెట్టుకుంటుంటే మావయ్య నా వైపు తిరిగి, "కోడలా, టీ పెడతావా, లేక నువ్వూ సమ్మెలో ఉన్నావా?" అన్నాడు.

*

సంస్థ శిక్షణలో నాన్నకు టికెట్ మిషను, తలుపుల మీటలు, కొత్త అద్దాలు నేర్పారు. మావయ్య ఒప్పుకోలేదు. "మిషను ఎవడికైనా వస్తుంది. మనుషులు రావాలి" అన్నాడు. సాయంత్రాలు ముందు గదిలో కుర్చీలు రెండు వరసలుగా వేయించాడు. గుమ్మం దగ్గర ఎత్తు పీట మీద నాన్న, చేతిలో మిషనుకు బదులు బడిలో నేను వాడిన రేకు లెక్కల పెట్టె. అమ్మ, నేను ప్రయాణికులం. ముసలాయన, తాగుబోతు, పాసు మర్చిపోయిన విద్యార్థి, చంటిపిల్లతో తల్లి, వీళ్లంతా మావయ్య.

"అక్క ఎక్కింది. అడుగు బావా."

నాన్న అమ్మ వైపు చూశాడు. "ఎక్కడికి?"

"అమ్మో. పోలీసు స్టేషన్లో అడిగినట్టుంది. ఎక్కడికమ్మా అను."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కడికీ లేదు, వంటింట్లో పనుంది నాకు" అంది అమ్మ.

"వంటింటికి ఒకటి కొట్టు బావా. భార్య అని వదిలెయ్యకు, చెకింగు వాళ్లు పట్టుకుంటారు."

నాన్న లెక్కల పెట్టె మీద ఏదో నొక్కినట్టు చేసి, కాయితం ముక్క చింపి, రెండు చేతులతో అమ్మకిచ్చాడు. అమ్మ దాన్ని కొంగుకు ముడి వేసుకుంది. మావయ్య తాగుబోతై ఎక్కి, నాన్న భుజం మీద వాలి, "అన్నా, నువ్వు మంచోడివన్నా, కానీ నీ బస్సు వంకరగా ఉందన్నా" అన్నాడు. నాన్న పీట మీంచి పడబోయి నవ్వాడు. ఆ వేసవిలో ఆయన నవ్వడం నాకు గుర్తున్నది అదొక్కసారే. అమ్మ చేతిలోని చెంచా కింద పెట్టి మరీ చూసింది.

గుడ్డి మాస్టారు మార్కెట్ దగ్గర కాదు, దాని ముందు మలుపులో దిగుతారని చెప్పాడు. ఆసుపత్రి స్టాపులో ఎక్కేవాళ్లను చిల్లర అడగొద్దన్నాడు, వాళ్లకు ఏ జేబులో ఏముందో గుర్తుండదు. నిద్రపోయినట్టు నటించేవాళ్లను పలకరించే పద్ధతి చూపించాడు. చిన్న కాయితం ముక్క కూడా లేకుండా, నోటితోనే, రూటంతా నాన్న చేతిలో పెట్టాడు.

ఒక్క సంగతి ఆయనకు తోచలేదు. శిక్షణ ఇచ్చినవాళ్లకూ తోచలేదు. చాలాకాలంగా చేస్తున్న పని నోట్లోకి రాదేమో.

*

కొత్త బస్సు మొదటిరోజు పూలు కట్టలేదు, ఫొటోలు తియ్యలేదు. సమ్మె జరిగి ఎక్కువ కాలం కాలేదు, సంస్థ చప్పుడు చెయ్యదలచుకోలేదు. నాన్న బస్సు నా కింద ప్లాట్‌ఫారంలో నిలబడింది. ఒకటే తలుపు, ముందువైపు. జనం వరసగా ఎక్కారు. నాన్న ఒక్కొక్కరినీ "ఎక్కడికమ్మా", "ఎక్కడికయ్యా" అని అడుగుతున్నట్టు పెదవుల్ని బట్టి తెలిసింది. అందరూ కూర్చున్నారు. నేను మైకులో బస్సు బయల్దేరుతోందని చెప్పాను. తలుపులు మూసుకున్నాయి.

బస్సు కదల్లేదు.

ఇంజను నడుస్తోంది. నాన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి ఎదురుగా చూస్తున్నాడు. చెడిపోయిందేమో అనుకున్నాను. ఇంకోసారి చెప్పాను. లోపల ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. బస్సుల వేళలు చూసే కంట్రోలరు తన కుర్చీలోంచి లేచాడు. నాన్న మొహంలో కంగారు లేదు. ఎవరి కోసమో ఆగిన మనిషి మొహం అది.

అప్పుడు టీ కొట్టు స్తంభం వెనక నుంచి మావయ్య బయటికొచ్చాడు. ఇంటిదగ్గర వేసుకునే చొక్కా. ఆయన వచ్చినట్టు నాకు తెలియదు. బస్సు పక్కగా నడిచి, వెనక్కి వెళ్లి, చక్రాల కిందకు వంగి చూసి, అరచేత్తో రేకు మీద రెండుసార్లు చరిచాడు.

బస్సు కదిలింది.

అలవాటు కొద్దీ మావయ్య నాలుగడుగులు దాని వెంట పరుగెత్తాడు. వెనక తలుపు లేదు. ఆగి, చేతులు దులుపుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తకపోతే నేనే ఎత్తాను. "పొద్దున ఎందుకాగావు నాన్నా?"

"ఆగానా?" అన్నాడు. తర్వాత, నాతో కాదు, తన చేతులతో అన్నట్టుగా, "వెనక ఏముందో నాకు కనపడదే. రెండు మోగితే, ఎవరో చూశారని" అన్నాడు.

"అద్దాలిచ్చారు కదా బావా" అన్నాడు మావయ్య.

"అద్దంలో అద్దం కనపడుతుంది."

*

మొదటి రోజుల్లో ప్రతి డ్రైవరూ అలాగే ఆగాడు. డిపో మొత్తానికి అదొక వేడుకైంది. 'పోనీ అన్నా' అని ప్రయాణికులే అరిచేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరే మానుకున్నారు. నాన్న దారిలో స్టాపుల దగ్గర "పోనివ్వనా?" అని వెనక్కి తిరిగి అడిగేవాడు, ఎవరో ఒకరు పోనివ్వమనేవారు. బస్టాండులో మాత్రం కదిలేవాడు కాడు. మావయ్య రోజూ పొద్దున నాన్నతోపాటే లేచి, నాన్నతోపాటే బయల్దేరి, టీ కొట్టు దగ్గర నిలబడి, వేళకు వచ్చి రెండు చరిచి ఇంటికొచ్చేవాడు. తలనెరిసిన ప్రయాణికులు కొందరు కిటికీలోంచి చెయ్యి ఊపేవాళ్లు. "రేడియో ఇంకా పలుకుతోందే" అనేవాళ్లు. ఆయన నడకలో పాత వేగం కనిపించేది.

డిపోకు కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఒక పొద్దున కంట్రోలరు మెట్లెక్కి నా గదికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ మావయ్యకి నువ్వు చెప్పమ్మా. నేను చెప్పలేను, ఆయన చేతి టీ తాగినవాణ్ని."

"ఏం చెప్పాలి సార్?"

"ఆయన ఇప్పుడు సంస్థ మనిషి కాదు. రేపు ఎవరి కాలో చక్రం కింద పడితే, ఎవరు పొమ్మన్నారు అని అడుగుతారు. ఏం రాయమంటావు, రేడియో పొమ్మన్నాడని రాయమంటావా? మేనేజరు మీ నాన్నగారిని పిలిచాడు. ఇంకోసారి బయటి మనిషి బస్సు మీద చెయ్యి వేస్తే బండి మీంచి దించేస్తానన్నాడు."

నేను మావయ్యకు చెప్పలేదు. చెప్పాల్సింది నాన్న అనుకున్నాను.

నాన్న ఆ సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాడు. చెయ్యి కంచంలో ఉంది, చూపు కంచంలోనే ఉంది.

"రేపట్నుంచి బస్టాండుకి రావద్దురా."

మావయ్య ముద్ద కలుపుతున్నాడు. కలపడం ఆపలేదు. "సరే బావా" అన్నాడు. కాసేపయ్యాక, "కోడలా, ఆ మంచినీళ్లు ఇటివ్వు" అన్నాడు.

అమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. ఆ రోజు ముందు గదిలో మావయ్య రోజూ పెట్టుకునే పాత పాటలు పెట్టుకోలేదు.

*

మర్నాడు కూడా మావయ్య అదే వేళకు లేచాడు. స్నానం చేశాడు, తల దువ్వుకున్నాడు, చొక్కా వేసుకున్నాడు. గేటు దాకా వెళ్లి, నాన్న మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కొచ్చి కూర్చున్నాడు. నాన్న ఆ రోజు బస్టాండులో ఎలా కదిలాడో నేను పైనుంచి చూశాను. తలుపులు మూశాడు. పెదవులు కదిలాయి. లోలోపల తనకు తనే గంట కొట్టుకున్నాడో ఏమో. వెళ్లిపోయాడు. ఒక్కోరోజు అదీ పనిచెయ్యక ఆగిపోయేవాడు. కంట్రోలరు వెళ్లి అద్దం మీద వేలితో తట్టి, గడియారం చూపించేవాడు.

ఇంట్లో మావయ్య పనులు వెతుక్కున్నాడు. కిటికీలకు రంగు వేశాడు. పెరటి పంపు బాగుచేశాడు. పనులయిపోయాయి. మా ఇల్లు చిన్నది.

మొదట మార్పు అమ్మకు తెలిసింది. ఎప్పుడూ వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీసి, చేత్తోనే రుచి చూసి, తిట్లు తినే మనిషి, పిలిచేదాకా ముందు గదిలోంచి రావడం మానేశాడు. వచ్చి కూర్చుని, వడ్డించేదాకా చేతులు ఒళ్లో పెట్టుకునేవాడు.

"నీకేం వచ్చిందిరా? పెళ్లిచూపులకొచ్చినట్టు కూర్చుంటావ్?" అంది అమ్మ.

"ఏం లేదక్కా. ఆకలిగా లేదు."

"ఆకలి లేకపోతే నీ మొహం ఇలా ఉంటుందా? మూడు పూటలా తిన్నా ఆకలే అనే మనిషివి."

ఆయన నవ్వాడు. కూర ఇంకొంచెం అడగలేదు.

తొలి వాన పడిన రోజున తడిసి ఇంటికొచ్చి, పని దొరికిందని చెప్పాడు. కొండల అవతల ఊళ్లో ఒక ప్రైవేటు యజమాని. పాత బస్సులు, రెండు తలుపులు, తాడు, గంట. "అక్కడ డ్రైవర్లు టికెట్లు కొడితే బస్సు లోయలో పడుతుందట. అందుకని మమ్మల్ని ఉంచారు" అన్నాడు. ఉండడానికి బస్సుల షెడ్డు పక్కన గది ఇస్తారు.

అమ్మ తుడుస్తున్న గుడ్డ అక్కడే పడేసి వంటింట్లోకి వెళ్లింది. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున, నాన్న బూట్ల లేసులు కట్టుకుంటుంటే ఎదురుగా నిలబడింది.

"మీరు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అనకపోతే బస్సు పోయేది."

"బస్సు ఉంది కదా. వాడు పోతున్నాడు."

నాన్న రెండో బూటు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. వాన తగ్గిందో లేదో చూడ్డానికి అన్నట్టు లేచి తలుపు తీశాడు. మావయ్య అప్పటికే గేటు దగ్గర నిలబడి, నాన్న గొడుగు తెరిచి, పట్టుకుని ఉన్నాడు. ఆ గొడుగు కింద ఇద్దరూ మలుపు దాకా వెళ్లారు. మలుపు దగ్గర నాన్న గొడుగు తీసుకున్నాడు. మావయ్య తడుస్తూ వెనక్కొచ్చాడు.

*

వెళ్లాల్సిన రోజున నాన్న సెలవు పెడతానన్నాడు. మావయ్య వద్దన్నాడు. కొండల వైపు బస్సు మారాలంటే నాన్న రూటు చివరి స్టాపులో మారాలి. "నీ బస్సులోనే పోతాను. ఎప్పుడూ కూర్చుని ప్రయాణం చెయ్యలేదు, అదెలా ఉంటుందో చూస్తాను" అన్నాడు.

అమ్మ బస్టాండుకు రాలేదు. సంచీలో ఏవేవో కుక్కి, గుమ్మంలో ఆయన చేతికిచ్చి, లోపలికి వెళ్లిపోయింది. పెట్టె నేను పట్టుకున్నాను. ముందు గదిలో అది ఉన్నచోట నేల రంగు వేరుగా ఉంది.

వాన పడుతోంది. వరస కదిలింది. మావయ్య ముందు నిలబడ్డవాళ్లు టికెట్లు తీసుకుని లోపలికెళ్లారు. ఆయన మెట్టెక్కాడు. నేను వెనక పెట్టెతో ఉన్నాను.

నాన్న తలెత్తాడు. చేతిలో మిషను ఉంది.

"కూర్చో" అన్నాడు.

"టికెట్టు?"

"అక్కర్లేదురా."

"చుట్టరికం బస్సు బయట బావా. కొట్టు."

వెనక నిలబడ్డావిడ గొడుగు ముడుస్తూ, "కాస్త జరగండయ్యా, తడుస్తున్నాం" అంది. నాన్న మిషను వైపు చూసి, "ఎక్కడికయ్యా?" అన్నాడు. ముందు గదిలో నేర్పినట్టే. పోలీసు గొంతు కాదు.

"చివరి స్టాపు."

కాయితం బయటికొచ్చింది. నాన్న చింపి, రెండు చేతులతో ఇచ్చాడు.

మావయ్య దాన్ని చూసుకుని, "బాగానే నేర్పాను" అన్నాడు. నా చేతిలోంచి పెట్టె తీసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి, "పైకి పో కోడలా. నువ్వు చెప్పకపోతే బస్సు ఎలా వెళ్తుంది?" అన్నాడు.

నేను మెట్లెక్కేసరికి జనం ఎక్కడం అయిపోయింది. మావయ్య చివరి సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. టికెట్టు చేతిలోనే ఉంది. మైకు దగ్గరకు వంగి, ప్లాట్‌ఫారం చెప్పాను, దారిలో ఊళ్లు చెప్పాను, బయల్దేరుతోందని చెప్పాను. నాన్న తలుపులు మూశాడు.

బస్సు కదల్లేదు.

నాన్న పెదవులు చూశాను. కదల్లేదు. కొత్త అద్దంలో చివరి సీటు కనిపిస్తుంది. దానివైపే చూస్తున్నాడు. మావయ్య చెయ్యి కిటికీ బయటికి పెడితే చాలు, రేకు అందుతుంది. ఆయన కంట్రోలరు వైపు చూశాడు. కంట్రోలరు ఇటే చూస్తున్నాడు, పక్కన మేనేజరు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మావయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నట్టు.

వెనక బస్సు హారను కొట్టింది. కంట్రోలరు ఒక అడుగు ముందుకేశాడు.

నేను మైకు మీద వేలితో రెండుసార్లు కొట్టాను.

బస్టాండులో ఉన్న ప్రతి లౌడుస్పీకరులోంచి ఆ చప్పుడు వచ్చింది. నాన్న బస్సు కదిలింది. దాంతోపాటు ఇంకో రెండు ప్లాట్‌ఫారాల్లోంచి, వేళ కాని బస్సులు రెండు కదిలాయి. ఒకదాని తలుపు తీసే ఉంది. పాత డ్రైవర్లు. కంట్రోలరు వానలో చేతులూపుతూ వాటి వెంట పరుగెత్తాడు. ఆ గందరగోళంలో నాన్న బస్సు గేటు దాటడం నేను చూడలేకపోయాను.

కంట్రోలరు తడి బట్టలతో పైకొచ్చాడు.

"ఏంటమ్మా అది?"

"మైకు పనిచేస్తోందా లేదా అని చూశాను సార్."

ఆయన మైకు వైపు, నా వైపు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "పనిచేస్తోంది" అని చెప్పి దిగిపోయాడు. రిపోర్టు రాయలేదు.

మర్నాటి నుంచి నాన్న ఎవరి కోసమూ ఆగలేదు. తలుపులు మూసి, అద్దం చూసి, బండి తీసేవాడు. దారిలో 'పోనివ్వనా' అని అడగడం కూడా మానేశాడట. కొత్త డ్రైవర్లకు ఆయన్ని చూసి నేర్చుకోమన్నాడు మేనేజరు.

*

మావయ్య చలికాలంలో వచ్చాడు. వస్తున్నట్టు ముందే కబురు చేశాడు. అమ్మ ముందు గదిలో నా పుస్తకాలు తీయించి, మంచం మీద ఉతికిన దుప్పటి పరిచింది. నాన్న పెందలాడే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, తన కుర్చీలో కూర్చున్నాడు. తలుపు గడియ వెయ్యొద్దని అమ్మ నాకు రెండుసార్లు చెప్పింది. వెయ్యలేదు. దగ్గరగా వేసి ఉంచాను, తోస్తే తెరుచుకునేలా.

మా గుమ్మానికి ఒక బెల్లు ఉండేది. పోస్టుమాన్ కొట్టేవాడు, చుట్టాలు కొట్టేవాళ్లు. ఇంట్లో వాళ్లెవరూ దాన్ని ముట్టుకోరు.

బయట చెప్పులు విడిచిన చప్పుడైంది. మాట వినపడుతుందని అందరం ఎదురుచూశాం. వినపడలేదు.

బెల్లు మోగింది. ఒక్కసారి.

అమ్మ లేచింది. కుర్చీలో నాన్న కుడికాలు బ్రేకును నొక్కినట్టు నేలను నొక్కింది, నొక్కి, అలాగే ఉంది.